వచ్చిన సరకు పోవు దారి



సంసారమునందు తెచ్చికొనుట సులభము, పంపివేయుట కష్టము. సంతకు పోయి సరకులు తెచ్చుటకు ఇంటిలో నలుగురు సిద్ధముగా నుందురు. తొక్కలు, తొడిమలు, చిట్టు, చెత్త ఎత్తి బయట పాఱవేయుటకు ఒక్కరే యుందురు. ఆ యొక్కరు నాలుగు దినములు మంచము పట్టినచో ఇంటిగతి యేమగునో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. దేహమనెడి యింటిలోగూడ ఇదే న్యాయము. ఏ పదార్థము ఎట్లు లోనికి వచ్చుచున్నదో అందఱును విచారింతురు. అది ఎట్లు బయటకు పోవుచున్నదో విచారించువారు అరుదు. ఈ మాసమున మేము ఆ పోవు దారిని గుఱించి ముచ్చటింపదలచితిమి.

ఇందులకు కారణము ఒక యుత్తరము. ఒక సోదరి ఇట్లు వ్రాసినది: ఆమె పెనిమిటికి ఏబది నాలుగేండ్లు. కొంతకాలముగా రక్తపుపోటు కలదు. ఇటీవల రక్తపరీక్ష చేయించగా మొత్తము కొలెస్టరాలు 240, ఎల్.డి.ఎల్. 150, ఎచ్.డి.ఎల్. 62, ట్రైగ్లిసరైడులు 140 అని వచ్చినది. వైద్యుడు దినమున కొక మాత్ర వ్రాసి యిచ్చెను. ఆయనతో పనిచేయు స్నేహితు డొకడు ఆ కాగితము చూచి, "నీకు మంచి కొలెస్టరాలు అఱువదిరెండు ఉన్నదికదా! చెడ్డదానిని మంచిది ఊడ్చివేయును. ఇక మాత్ర యెందుకు?" అనెనట. ఆయన మాత్ర మానివేసి మూడువారములైనదట. "అక్కయ్యగారూ! మావారు నా మాట వినరు. మీరు వ్రాసినచో చదివి వినిపించెదను" అని ఆ సోదరి కోరినది.

మేము వైద్యులము కాము. పంతులుగారి యింట పుస్తకములతో కాపురము చేయువారము. అయినను శాస్త్రజ్ఞులు తేల్చిన సంగతులను ఇంటిభాషలో చెప్పుట మా పని కావున, ఆ స్నేహితుని మాటలో సత్యమెంత, భ్రమ యెంత అనునది విడదీసి చూపెదము.

మొదట ఈ పదార్థముమీద పడిన నిందను కొంత తొలగింపవలసియున్నది. 18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమందు పిత్తాశయపు రాళ్లను పరీక్షించుచు దీనిని కనుగొనిరి. తరువాత 1815 ప్రాంతమున షెవ్రోలు అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు దీనికి నామకరణము చేసెను. గ్రీకుభాషలో ఖోలే యనగా పిత్తము, స్టెరియోస్ అనగా గట్టిది. పిత్తమునందలి గట్టి పదార్థమని పేరునకు అర్థము. రాతియందు దొరకినంతమాత్రమున ఇది రోగమునకు పుట్టినది కాదు. మన పూర్వులు మేదస్సును సప్తధాతువులలో నాల్గవదానిగ నెంచిరి. ధాతువనగా దేహమును ధరించునది. కొలెస్టరాలును మేదస్సును ఒక్కటేయని మేము చెప్పుటలేదు కాని, కొవ్వుజాతి పదార్థము దేహమునకు ఆధారమనెడి వారి చూపు ఇచటగూడ చెల్లును. ప్రతి జీవకణమునకు చుట్టును పలుచని పొర యొకటి యుండును. ఆ పొర మఱీ జాఱిపోక, మఱీ బిగిసిపోక యుండునట్లు చేయునది కొలెస్టరాలు. స్త్రీపురుషత్వములను నిలుపు హార్మోనులు దీనినుండియే పుట్టును. అన్నమునందలి నూనెను జీర్ణము చేయు పిత్తామ్లములు దీనినుండియే పుట్టును. దేహమునందున్న మొత్తము కొలెస్టరాలులో అయిదవ వంతో నాల్గవ వంతో మెదడునందే యున్నది.

ఇంత యవసరమైనది గనుకనే దేహము దీనికొఱకు మన వంటయింటిమీద మాత్రమే ఆధారపడి యుండదు. ఎక్కువ భాగమును కాలేయమును ఇతరకణములును తామే తయారు చేసికొనును. ఇచట ఒక చిన్నమాట. బజారులో నూనెడబ్బామీద "కొలెస్టరాలు లేనిది" అని పెద్దయక్షరములతో వ్రాసియుండుట మీరు చూచియుందురు. వేరుసెనగ, నువ్వు, ప్రొద్దుతిరుగుడు మొదలైన చెట్టునూనె లేవియు కొలెస్టరాలునకు నెలవులు కావు. అది మాంసము, గ్రుడ్లు, పాలు, నేయి మొదలగు జంతుసంబంధమైన ఆహారములలో నుండునది. కావున ఆ వ్రాత చూచి అదనముగ రూపాయలు పోయనక్కఱలేదు, ఆ నూనెను ధారాళముగ పోయవచ్చునని తలంపనును రాదు.

ఇక చిక్కు ఎక్కడనున్నది? చక్కెరను, మామూలు కొవ్వును కణము పొయ్యిలో కట్టెవలె కాల్చి, వాయువుగను నీరుగను మార్చి వదలిపెట్టగలదు. కొలెస్టరాలును అట్లు కాల్చలేదు. దాని నిర్మాణమున నాలుగు వలయములు ఒకదానినొకటి పెనవేసికొని యున్నవి. వానిని విఱుగగొట్టు సాధనము మన కణములయొద్ద లేదు. వాడుకొనగా మిగిలినది కణములో పేరుకొనును. దానిని పెద్దమొత్తమున వదలించుకొనగల స్థానము దేహములో ఒక్కటే, అది కాలేయము. కావున కాలిబొటనవ్రేలియందలి కణముగాని, గుండె నాళమునందలి కణముగాని, తన మిగులుబాటును కాలేయమువఱకు ఎవరిచేతనైన మోయించవలసినదే.

మోయుటకు రక్తము కలదుకదా యందురేమో. రక్తము నీటివంటిది. చారులో పోపు వేసినపుడు నూనె పైకి తేలి చుక్కలుగట్టుట మన మెఱుగుదుము. కొలెస్టరాలుగూడ అట్లే నీటిలో కలియదు. కావున దేహము చిన్న చిన్న బండ్లను కట్టినది. బండిలోపల కొవ్వుసరకు, బండిపైన నీటితో పొత్తు కుదురునట్టి పలుచని పూత, ఆ పూతలో నడుమ నడుమ మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు. ఈ బండినే లిపోప్రోటీను అందురు. 1929లో పారిసు నగరమందలి పాశ్చరు సంస్థలో మాషెబోఫ్ అను శాస్త్రజ్ఞుడు గుఱ్ఱపు రక్తమునుండి అట్టి దొకదానిని మొట్టమొదట వేఱుచేసెను. తరువాత అమెరికాలో గాఫ్మన్ మొదలగువారు రక్తమును మిక్కిలి వేగముగ గిరగిర త్రిప్పు యంత్రములతో, కవ్వము త్రిప్పి వెన్నను వేఱుచేసినట్లు, ఈ బండ్లను జాతులుగ విభజించిరి. కొవ్వు హెచ్చు, ప్రోటీను తక్కువ యున్నది తేలికయైనది. ప్రోటీను హెచ్చుగ నున్నది బరువైనది. ఎల్.డి.ఎల్. అనగా తక్కువ సాంద్రతగల బండి, ఎచ్.డి.ఎల్. అనగా ఎక్కువ సాంద్రతగల బండి. సాంద్రత హెచ్చినను ఎచ్.డి.ఎల్. పరిమాణమున చాల చిన్నది. ఒక మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో, అట్టి భాగములు ఏడునుండి పండ్రెండువఱకు కలిసిన యెంతయో దాని అడ్డుకొలత యంత.

ఇందుమూలమున ఒక సంగతి తేటపడుచున్నది. మంచి కొలెస్టరాలు, చెడ్డ కొలెస్టరాలు అని రెండు పదార్థములు లేవు. సరకు ఒక్కటే, బండ్లు వేఱు. పరీక్షకాగితముమీద ఎచ్.డి.ఎల్. 62 అని యున్నచో, ఆ జాతి బండ్లలో ఆ నిమిషమున ఉన్న సరకు అంత యని మాత్రమే యర్థము. ఈ మాట మనసున నుంచుకొనుడు. దీనితో ముందు పని యున్నది.

ఎల్.డి.ఎల్. బండ్లు సరకును కణములయొద్దకు చేర్చును. కణమునకు కావలసినపుడు అది తన గుమ్మమున ఒక గ్రాహకమును నిలిపి, బండిని పట్టి లోనికి తీసికొనును. చాలినపుడు గ్రాహకములను తగ్గించును. ఈ కిటుకును కనిపెట్టినందుకు బ్రౌన్, గోల్డ్‌స్టైన్ అను నిరువురు అమెరికా వైద్యులకు 1985లో నోబెలు బహుమానము లభించినది. అయితే బండ్లు మితిమీరినపుడు కొన్ని గుండెనాళముల గోడలలోనికి దూరి అచటనే చిక్కుకొని చెడిపోవును. వానిని ఎత్తివేయుటకు భక్షకకణములు వచ్చును. ఇవి పాపము వీథులూడ్చువారివంటివి. కాని వీనికి "చాలు" అను నడ్డు లేదు. దొరికినంత మ్రింగి, కడుపు నిండ కొవ్వుచుక్కలతో ఉబ్బి, సూక్ష్మదర్శినిలో నురుగువలె కనబడును. అట్టి నురుగుకణములు గుంపుకూడి చచ్చిన చోట గోడ దళసరియై, ఒకనాడు పగిలి, దానిపై రక్తము గడ్డకట్టి దారి మూసివేయును. గుండెపోటనగా తఱుచుగ ఇదియే.

ఇపుడు తిరుగుదారి. కాలేయమును, ప్రేగును ఎపో-ఎ-1 అను ప్రోటీనును తయారుచేసి రక్తములోనికి వదలును. బయలుదేఱునపుడు ఇది దాదాపు వట్టిబండి. ఇది ఆ యుబ్బిన కణముయొక్క గుమ్మమునొద్దకు వచ్చును. గుమ్మమున ఎ.బి.సి.ఎ.1 అను ద్వారపాలకు డుండును. అతడు లోపలి కొలెస్టరాలును, దానితోబాటు కొంత పూతకొవ్వును, వెలుపలికి త్రోసి ఆ బండిలో నెక్కించును. అపుడు బండి చిన్న బిళ్లవలె నుండును. ఎక్కిన సరకు బిళ్ల అంచుననే యుండినచో మఱికొంత ఎక్కుటకు చోటుండదు. కావున రక్తమునందలి ఎల్.సి.ఎ.టి. అను పాచకద్రవ్యము ఆ కొలెస్టరాలునకు ఒక కొవ్వుతోకను తగిలించి, అది బండి నడిబొడ్డునకు దిగిపోవునట్లు చేయును. మనము డబ్బాలో పిండిని గ్రుద్ది గ్రుద్ది పైన చోటు చేయుదుమే, అట్లు. లోపల నిండినకొలది బిళ్ల గుండ్రని బంతి యగును, పైన చోటు మిగులును, మఱికొన్ని కణములనుండి మఱికొంత సరకు ఎక్కును.

నిండిన బండి కాలేయము చేరుటకు రెండు మార్గములు. తిన్నగ పోయి కాలేయపు గ్రాహకమునకు సరకు నప్పగించుట యొకటి. బండి మరల తిరిగి వచ్చును. సి.ఇ.టి.పి. అను ప్రోటీను ద్వారా త్రోవలోనే తన కొలెస్టరాలును ఎల్.డి.ఎల్. మొదలగు బండ్లకు మార్చి, బదులుగ ట్రైగ్లిసరైడును పుచ్చుకొనుట రెండవది, అపుడా యెల్.డి.ఎల్. బండ్లే కాలేయమునకు చేర్చును. కాలేయము దానిలో కొంత పిత్తామ్లములుగ మార్చి, కొంత ఉన్నదున్నట్లుగ పిత్తముతో ప్రేగులోనికి వదలును. ప్రేగు గడుసుది, వచ్చిన పిత్తామ్లములలో నూటికి దాదాపు తొంబదియైదు పాళ్లు మరల పీల్చి కాలేయమునకు పంపివేయును. మిగిలిన కొద్దియు, పీల్చబడని కొలెస్టరాలును, మలముతో వెడలిపోవును. ఈ సమస్త యాత్రకు శాస్త్రజ్ఞులు ప్రతిగమన మని యర్థము వచ్చు పేరు పెట్టిరి. 1968లో గ్లోమ్‌సెట్ అను వైద్యుడు ఈ క్రమమును ప్రతిపాదించెను.

ఈ దారి కల్పనగాక సత్యమే యని రెండు కుటుంబముల కష్టము లోకమునకు తెలిపినది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రమున, చెసపీక్ అఖాతమందు, టాంజియరు అను చిన్న ద్వీపము కలదు. అచటివారు పీతలు, ఆల్చిప్పలు పట్టి జీవింతురు. ఆ ద్వీపమునందలి అయిదేండ్ల బాలు డొకనికి గొంతులో గవదలు మిక్కిలి పెరిగి, నారింజ పసుపు కలిసిన వింతరంగుతో నుండెను. కోసితీసి చూడగా వానినిండ కొలెస్టరాలే. ఫ్రెడరిక్‌సన్ అను వైద్యుడును ఆయన సహచరులును పరిశీలించి 1961లో ఈ వ్యాధిని ప్రకటించిరి. బాలుని యక్కచెల్లెండ్రలో నొకతెకు గూడ అదే లోపము. వారి రక్తములో ఎచ్.డి.ఎల్. దాదాపు శూన్యము, మొత్తము కొలెస్టరాలుగూడ తక్కువే! కాగితము చూచినవారు "ఎంత అదృష్టవంతులు" అందురు. కాని గవదలు, ప్లీహము, కాలేయము, నరములు మాత్రము కొవ్వుతో నిండుచున్నవి. ఏల యిట్లయ్యెనో 1999లో మూడు పరిశోధకబృందములు ఒక్కమాఱే కనుగొనినవి. గుమ్మమునందలి ద్వారపాలకుడు, ఆ ఎ.బి.సి.ఎ.1, పుట్టుకతోనే చెడియున్నాడు. సరకు ఎక్కించువాడు లేక వట్టిబండ్లు వట్టివిగనే తిరిగి, త్వరలో నశించుచున్నవి.

రెండవది నార్వే దేశపు సంగతి. 1967లో నోరం, యోనే అను వైద్యులు ముగ్గు రక్కచెల్లెండ్రకు ఎల్.సి.ఎ.టి. పుట్టుకతో లేకుండుట కనుగొనిరి. బండి బిళ్లగనే నిలిచిపోయి బంతి కాలేకపోయెను. అట్టివారికి కంటి నల్లగ్రుడ్డు మసకబాఱుట, రక్తహీనత, మూత్రపిండముల చెఱుపు కలుగుచుండును. ఒకచోట ద్వారపాలకుడు, ఒకచోట సరకు సర్దువాడు. ఇర్వురిలో ఎవరు లేకున్నను ఇల్లు నిలువదు.

ఇంతవఱకు విన్నచో ఆ స్నేహితుని మాట సత్యమేయని తోచును. నిజముగా వైద్యలోకమునకును అట్లే తోచినది. అమెరికాలో ఫ్రామింగ్‌హాం అను పట్టణమున 1948నుండి పౌరుల గుండెస్థితిని పరిశీలించుచున్నారు. ఎచ్.డి.ఎల్. తక్కువయున్న స్త్రీపురుషులకు గుండెజబ్బు హెచ్చుగ వచ్చుచున్నదని 1977లో అచటినుండి ప్రకటించిరి. అంతట, ఎచ్.డి.ఎల్. అంకెను పెంచినచో జబ్బు తగ్గునుకదా యని మందులు కట్టుటకు పూనుకొనిరి. సి.ఇ.టి.పి.ని అడ్డగించు టార్సెట్రాపిబ్ అను మందు ఎచ్.డి.ఎల్.ను నూటికి డెబ్బది పాళ్లకు పైగా పెంచెను. దాదాపు పదునైదు వేలమందిమీద పరీక్షించుచుండగా, మందు తిన్నవారిలోనే మరణములు హెచ్చుగ నుండుట చూచి, 2006 డిసెంబరులో పరీక్షను నిలిపివేసిరి. ఆ మందు రక్తపుపోటునుగూడ పెంచినది. అదే జాతికి చెందిన మఱి రెండు మందులు 2012లోను, 2015లోను, ఫలము కానరాక నిలిచిపోయినవి. నియాసిన్ అను విటమినును పెద్దమోతాదున మామూలు మాత్రకు తోడుచేసి చూచిరి, ఎచ్.డి.ఎల్. పెరిగెను, గుండెపోట్లు తగ్గలేదు. పుట్టుకతోనే జన్యువశమున ఎచ్.డి.ఎల్. కొంత హెచ్చుగ నుండువారిని పరిశీలింపగా, వారికి గుండెపోటు తక్కువ కాదని 2012లో తేలెను. ఆ ఎపో-ఎ-1 ప్రోటీనునే గుండెపోటు వచ్చినవారికి నరముద్వారా ఎక్కించి, పదునెనిమిది వేలమందికి పైబడి పరీక్షించిన ఫలితము 2024లో వెలువడినది; తొంబదిదినములలో చెప్పదగినంత లాభము కనబడలేదు. డెన్మార్కులో లక్షమందికి పైబడి చూచిన పరిశీలనమున, ఎచ్.డి.ఎల్. మితిమీరి హెచ్చినవారిలో మరణములు తగ్గుటకు మాఱు హెచ్చినవని 2017లో ప్రకటించిరి.

దీనికి సరిగా ఎదుటివైపున ఇటలీ దేశపు ముచ్చట యున్నది. గార్డా సరస్సు ఒడ్డున లిమోనె అను గ్రామమున కొన్ని కుటుంబములవారికి ఎపో-ఎ-1 ప్రోటీనులో ఒక చిన్న మార్పు వంశపారంపర్యముగ వచ్చుచున్నది. వారి ఎచ్.డి.ఎల్. చాల తక్కువ. అయినను వారికి గుండెజబ్బు హెచ్చుగ రాకుండుట చూచి మిలాను నగర శాస్త్రజ్ఞులు 1980లో ఆ ప్రోటీనునుగుఱించి వెల్లడించిరి.

ఇందలి మర్మమేమి? వీథిలో నిలిచియున్న బండ్లను లెక్కించుట వేఱు, ఎంత చెత్త ఊరిబయటకు పోయినదో చూచుట వేఱు. చెత్తబండ్లు నూఱున్నను, ఎక్కించువాడు లేకున్నచో వీథి మురికిగనే యుండును. పది బండ్లే యున్నను మాటిమాటికి తిరిగినచో వీథి శుభ్రముగ నుండును. ఎచ్.డి.ఎల్. అంకె బండ్లలోని సరకును చెప్పునుగాని, నాళపుగోడనుండి ఎంత తీసికొనిపోయినదో చెప్పదు. అమెరికాలో డల్లాసు నగరమున దాదాపు మూడువేలమంది రక్తమును తీసికొని, అది కణములనుండి కొలెస్టరాలును ఎంత లాగగలదో కొలిచి 2014లో ప్రకటించిరి. ఆ లాగుశక్తి మిక్కిలి హెచ్చుగ నున్న నాల్గవవంతు జనులకు, మిక్కిలి తక్కువగ నున్న నాల్గవవంతు వారికంటె, గుండెజబ్బుల యపాయము మూడింట రెండువంతులు తక్కువగ నుండెను. అయితే ఈ లాగుశక్తిని కొలుచు పరీక్ష మన యూరి రక్తపరీక్షాలయములలో చేయునది కాదు. మన చేతికి వచ్చునది అంకె మాత్రమే.

కావున, సోదరీ, మీవారికి ఇట్లు చదివి వినిపింపుడు. "అయ్యా! అఱువదిరెండు అనునది ఆనందింపదగిన యంకెయే. కాని అది మఱియొక యంకెకు పూచీ పడదు. మొత్తము 240లోనుండి 62 తీసివేయగా 178 మిగులును. నాళపుగోడలో దిగబడగల బండ్లన్నిటిలోను ఉన్న సరకు అది. దానికి తోడు రక్తపుపోటు, వయస్సు. వైద్యులు మాత్ర వ్రాసినది ఆ 178నిగుఱించి, ఆ పోటునుగుఱించి, 62నిగుఱించి కాదు." తీసివేత లెక్క యింత సులభమైనది, సోదరీమణు లందఱును తమ యింటి కాగితములకు చేసికొనవచ్చును.

ఆ మాత్ర యేమి చేయునో తెలిసినచో భయము తగ్గును. దానిజాతిని స్టాటినులందురు. 1970వ దశకమున జపాను దేశస్థుడగు అకిరా ఎండో ఒక బూజునుండి మొదటిదానిని సంపాదించెను. అది కాలేయములో కొలెస్టరాలు తయారగుటను తగ్గించును. ఇంట వండుట తగ్గగా కాలేయము గుమ్మమున గ్రాహకములను హెచ్చించి, రక్తమునందలి ఎల్.డి.ఎల్. బండ్లను లోనికి లాగికొనును. గుండెజబ్బు గల 4,444 మందిపై స్కాండినేవియా దేశములలో జరిగిన పరీక్ష ఫలితము 1994లో ప్రకటింపబడినది. మాత్ర తిన్నవారిలో మరణములు నూటికి ముప్పది పాళ్లు తగ్గినవి. ఎచ్.డి.ఎల్. పెంచు మందులు సాధింపలేనిది ఎల్.డి.ఎల్. తగ్గించు మందు సాధించినది. చెత్త యెత్తువారిని పెంచుటకంటె చెత్త పడకుండ జేయుట మేలైనదన్నమాట. మాత్రవలన కండరముల నొప్పిగాని మఱి యే బాధగాని తోచినచో వైద్యునితో చెప్పి మార్పించుకొనవలెను. స్నేహితునితో చెప్పి మానరాదు.

ఇక మనవంతు పని. మన దేశమున భారత వైద్యపరిశోధనామండలి రెండువేలమందికి పరీక్షచేసి 2014లో ప్రకటించిన పరిశీలనమున, పదిమందిలో ఏడుగురికి పైగా ఎచ్.డి.ఎల్. తక్కువగ నుండెను. దీనికి మన పళ్లెముకూడ కొంత కారణము. పలుచని కూరతో కుప్పలుగ తెల్లయన్నము, తీపి కాఫీలు, మిఠాయిలు, ఆపై కదలని జీవనము. వీనివలన ట్రైగ్లిసరైడులు హెచ్చును. ఇందాక చెప్పిన మార్పిడిలో అపుడు ఎచ్.డి.ఎల్. బండ్లలోనికి ట్రైగ్లిసరైడు ఎక్కువగ చేరి, ఆ బండ్లు త్వరగ విఱిగిపోవును. కావున అన్నము ఒక పిడికెడు తగ్గించి పప్పు, చిక్కుడు, ఆకుకూరలు హెచ్చింపవలెను. పప్పుధాన్యములందలి పీచు పిత్తామ్లములను పట్టుకొని బయటకు తీసికొనిపోవును. అపుడు క్రొత్త పిత్తామ్లములకొఱకు కాలేయము మఱికొంత కొలెస్టరాలును ఖర్చుపెట్టవలసివచ్చును. వనస్పతి మొదలైనవానిలో నుండు ట్రాన్సు కొవ్వు ఎల్.డి.ఎల్.ను పెంచి ఎచ్.డి.ఎల్.ను తగ్గించును, 2022 జనవరినుండి మన ప్రభుత్వము దానిని నూటికి రెండుపాళ్లు మించరాదని నియమించినది. పొగత్రాగుటయు ఎచ్.డి.ఎల్.ను తగ్గించును. చుట్టయైనను సిగరెట్టయినను అంతే. మన ఉత్తరాంధ్ర పల్లెలలో అడ్డపొగ త్రాగు అవ్వలకుగూడ ఈ మాట వర్తించును. దినమునకు అఱగంట వడివడిగ నడచుట మందు గాని మందు. వీనివలన ఎచ్.డి.ఎల్. అంకె రెండు మూడు పెరుగవచ్చును, పెరుగకపోవచ్చును. పోటు, చక్కెర, నడుముచుట్టుకొలత మాత్రము తగ్గును. అదియే అసలైన లాభము.

కడపట, మనకు మనమే చెప్పుకొనవలసిన మాట. స్త్రీలకు ఎచ్.డి.ఎల్. పురుషులకంటె స్వభావముచేత హెచ్చుగ నుండును; అందుచేతనే పురుషులకు 40, స్త్రీలకు 50 కంటె తగ్గరాదని చెప్పుదురు. "ఆడవారికి గుండెజబ్బు రాదు" అను మాట దీనినుండియే పుట్టియుండును. ముట్లుడిగిన తరువాత ఎల్.డి.ఎల్. పెరుగును, ఆ రక్షణ సన్నగిల్లును. అప్పటికి మనము మనుమలను ఎత్తుకొనుచు, ఆయాసము వచ్చిన వయస్సనియు, వీపునొప్పి వచ్చిన బరువెత్తితిమనియు, వాంతి వచ్చిన వాయువనియు తలంచి, జీలకఱ్ఱ నమలి పడుకొందుము. స్త్రీలలో గుండెపోటు ఱొమ్మునొప్పితోబాటుగాని, అది లేకయేగాని, ఆయాసము, దవడనొప్పి, వీపునొప్పి, చెమట, వికారము, చెప్పరాని నీరసము అను రూపములతో వచ్చుట కలదు. అట్టివి అకస్మాత్తుగ తోచినపుడు వంట ముగియువఱకు ఆగరాదు. వెంటనే ఆస్పత్రికి పోవలెను.

పెనిమిటి పరీక్షకాగితము బీరువాలో భద్రముగ నుండు ఇండ్లలో గృహిణి కాగితము అసలే యుండదు. ఈ మాసము ఇంటిజమాఖర్చుల పుస్తకములో ఒక పుట విడువుడు. ఇంటనున్న నలుబదియేండ్లు దాటిన ప్రతివారి పేరును వ్రాసి, ఎదుట మొత్తము, ఎల్.డి.ఎల్., ఎచ్.డి.ఎల్., ట్రైగ్లిసరైడులు, రక్తపుపోటు, చక్కెర అని గడులు గీయుడు. మీ పేరు ఎదుట గడులు ఖాళీగ నున్నచో, పాలవాని లెక్క తీర్చకముందే వానిని నింపించుకొనుడు. ఆ నిండిన పుటను వైద్యునియొద్దకు మీరే తీసికొనిపొండు.